నీటిపెట్టె పెళ్ళిలో తిట్టుపాటలు

సోమవారం. పైరగాలి. తెల్లారేసరికే ఆటు, నీళ్ళు వెనక్కి తీశాయి.

ఇవాళ్టి నుంచి నేను ఉద్యోగిని. సంగాడి కామరాజు, దిబ్బలంక పరిశోధన కేంద్రం, నిర్మొహమాట ఉద్యోగి. నవ్వేవాళ్ళు నవ్వొచ్చు. సముద్రం లోపలికొచ్చాక ఎత్తు మీద కట్టుకున్న మెరకనగరంలో పెద్దలు చేసిన చట్టమిది. ప్రతి ప్రాంతమూ తన రాబడిలో పదోవంతు సొంత పరిశోధనకే పెట్టుకోవాలి. తన కష్టమేమిటో తనే తేల్చుకోవాలి. ఇంకా, ప్రతి కేంద్రంలోనూ ఉన్నమాట మొహం మీద అనేసే మనిషి ఒకడు జీతం మీద ఉండాలి.

ఈ ఆఖరి ముక్క ఎందుకు పెట్టారో నాకు తెలుసు. యంత్రాలన్నిటికీ మెచ్చుకోవడం నేర్పి పెట్టారు. పొద్దున పీతల బోనులు ఎత్తడానికి వెళ్తే, తెడ్డు నీళ్ళలో ముంచకముందే నా పడవ "శభాష్ కామరాజు గారూ, అద్భుతంగా వేస్తున్నారు" అంటుంది. బోనులో పీత లేకపోయినా అంటుంది. ఇంట్లో పొయ్యి మాడిన అన్నాన్ని కూడా భేష్ అంటుంది. వీటిని నమ్ముకుని ఎవడేం కనిపెడతాడు?

మనిషిని ఎంచడానికి లంకలో సభ పెట్టారు. "ఇక్కడ అందరికంటే నోటి దురుసు ఎవరికి?" అని అడగడమే ఆలస్యం, చేతులన్నీ నా వైపు తిరిగాయి. మా అబ్బాయి చెయ్యి కూడా. నాకేం సిగ్గు లేదు. నిలబడి నమస్కారం పెట్టాను.

చేసిన పని రోజూ ఈ పలకకి చెప్పాలట. నాకు అక్షరాలు సంతకం వరకే. నేను చెప్తే అదే రాస్తుంది, పేపర్లో తెలుగులాగా దిద్దుతుంది. దిద్దుకోనీ.

కేంద్రం నడిపే పిల్ల పేరు హైమవతి. మెరకనగరం పిల్ల, పెద్ద చదువు. నాలుగేళ్ళు మా బురదలో తిరిగి నీటిపెట్టె చేసింది. గాలిలో తేమ పీల్చి మంచినీళ్ళిస్తుంది. మా చుట్టూ ఉన్నదంతా ఉప్పునీరే. తాగే నీళ్ళు ఎగువ నుంచి పడవ మీద రావాలి. వేసవిలో ఇంటింటికీ ఒక పెట్టె ఇచ్చింది.

"మరి ఇబ్బందేంటమ్మా?" అన్నాను కుర్చీలో కూర్చుంటూ. కుర్చీ నాదే, అడిగి వేయించుకున్నాను.

"అందరూ బాగుందన్నారు తాతా. నూటికి నూరు మార్కులు వేశారు."

"ఇంకేం?"

"ఎన్ని నీళ్ళు పట్టుకున్నారో ముందున్న కుళాయి తనే లెక్క చెబుతుంది. ఎవరూ దాన్ని తిప్పడమే లేదు. లంకంతా కలిపి పట్టుకున్న నీళ్ళు మీ కుర్చీ కడగడానికి కూడా చాలవు."

నెలాఖరుకి మెరకనగరం నుంచి అధికారి వచ్చి ఆ లెక్క చూస్తాడట. వాడకం లేకపోతే కేంద్రానికి తాళం. పెట్టెలు వెనక్కి. మా పదోవంతు మెరకనగరంలో కలిసిపోతుంది, ఇక మీదట మా కష్టమేమిటో అక్కడివాళ్ళే తేలుస్తారు. హైమవతిని, లిఫ్టులో ఏ పాట వేస్తే జనం విసుక్కోరో తేల్చే పరిశోధనకి పంపుతారు.

"లిఫ్టులోనా?"

"లిఫ్టులోనే తాతా" అంది. నవ్వింది గానీ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

నేనుండగా భయమెందుకన్నాను. ఒక్క గద్దింపుతో తేల్చేస్తానన్నాను.

మంగళవారం. పడమటి గాలి. ముసురు.

ముందుగా పేరంటాలు ఇంటికి వెళ్ళాం. పేరంటాలు నాకు వియ్యపురాలు, మా కోడలి తల్లి. లంకలో ఆడవాళ్ళంతా ఆవిడ మాట మీదే నడుస్తారు.

"ఆయ్, రండి అన్నయ్యగారూ. రండి అమ్మా. ఇదేంటండీ, కబురైనా పెట్టకుండా వచ్చేశారు! రొయ్యలైనా ఒలవలేదు" అంటూ గారెల పళ్ళెం పెట్టింది. ఒలవలేదన్న రొయ్యలు కూడా వేపుడై వచ్చాయి.

"నీటిపెట్టె ఎలా ఉందండీ?" అని అడిగింది హైమవతి.

"ఆయ్, బాగుందండీ. మా ఇంట్లో మనిషైపోయిందండీ బాబూ."

"నీళ్ళెలా ఉన్నాయి?"

"అమృతమండీ."

"తాగుతున్నారా?"

"అయ్యో, మీరసలు ఏమీ తినట్లేదేంటండీ? ఇంకో గారె వేసుకోండి."

నేను గొంతు సవరించుకున్నాను. "చూడు చెల్లెమ్మా. నేనిప్పుడు జీతగాణ్ణి. మొహమాటం వద్దు. ఆ పెట్టె దండగా, కాదా? ఒక్క మాటలో చెప్పు."

"అబ్బెబ్బే! అంత మాటనేశారేంటండీ అన్నయ్యగారూ? ఆ పిల్ల ఎంత కష్టపడి చేసిందండీ! మీక్కూడా ఇంకో గారె వేత్తానుండండి."

పెట్టె వంటింట్లో ఉంది. గుమ్మానికి తెర వేసి ఉంది. వియ్యంకుడు వియ్యపురాలి వంటింటి గడప దాటడం మా లంకలో లేదు. వచ్చిన అతిథి చూపు కూడా అక్కడి దాకా పోనివ్వరు. ఒకవేళ హైమవతి లేవబోయినా చేతిలోకి కాఫీ గ్లాసు వచ్చేస్తోంది. పెట్టె బాగా పనిచేస్తున్న చప్పుడైతే తెర వెనక నుంచి వినబడింది.

ప్రతి ఇంట్లోనూ ఇదే వరస. తెర, గారె, ఆయ్ బాగుందండీ. నేను గద్దించిన కొద్దీ వాళ్ళ మర్యాద పెరిగింది. సాయంత్రానికి హైమవతిని చెయ్యి పట్టుకుని పడవ ఎక్కించాల్సి వచ్చింది. గారెలే కారణం.

"గొప్పగా పనిచేశారు కామరాజు గారూ" అంది పడవ.

నోరు ముయ్యమన్నాను.

శుక్రవారం. వాన ఆగలేదు.

వాళ్ళు చెప్పకపోతే పోయారు, లోపాలు నేనే చెబుతానని కేంద్రంలో ఉన్న పెట్టెని నిలబెట్టి కడిగేశాను. రంగు ఆసుపత్రి బకెట్టులాగా ఉందన్నాను. పేరులో పస లేదన్నాను. చప్పుడు మా నాన్న గురకలా ఉందన్నాను. నాలుగు మూలలేంటి, గుండ్రంగా ఉంటే పోయేదా అన్నాను. హైమవతి పాపం అన్నీ రాసుకుని, రంగు మార్చింది, చప్పుడు తగ్గించింది. ఇంటివాళ్ళు పెట్టెల్ని కడిగి అరుగు మీదికి తెచ్చిస్తే, ఊరంతా తిరిగి కొత్త రంగు వేసి వచ్చింది.

అందరూ చాలా బాగుందన్నారు. కుళాయి మాత్రం ఎవరూ తిప్పలేదు.

ఇంకో సంగతి. ఈ ముసురుకి పక్కలంకల్లో చేప ఎండక కుళ్ళిపోయిందని సంతవాళ్ళు చెప్పారు. వానాకాలమంతా మాకు ఎండుచేపే బతుకు. అది కుళ్ళితే పిల్లల చదువులు కూడా ఆగుతాయి. మా దిబ్బలంక చేప మాత్రం గలగలలాడుతోందట. ఎలాగని వాళ్ళడిగితే, ఉప్పు పట్టించడంలో ఉంది కిటుకు, మా అబ్బాయికి నేనే నేర్పానని చెప్పాను. అది నిజమే అయ్యుంటుంది.

ఆదివారం. వాన తెరిపిచ్చింది.

హైమవతి పుస్తకాలు పెట్టెల్లో సర్దుతోంది. నన్ను చూసి ఆపింది.

"తాతా, వీళ్ళు నన్ను ఒక్కసారి తిట్టరా? నాలుగేళ్ళలో ఒక్కరూ ఒక్క మాట అనలేదు. ఏం తప్పు చేశానో తెలియకుండా వెళ్ళిపోవడం చాలా కష్టంగా ఉంది."

"మావాళ్ళు ఇంటికొచ్చినవాళ్ళని అనరమ్మా. ప్రాణం పోయినా అనరు. మా పేరంటాలైతే పామునైనా పీట వేసి కూర్చోబెడుతుంది. ఆవిడ నోరు విప్పగా నేను చూసింది ఒక్కసారే, మా అబ్బాయి పెళ్ళిలో" అన్నాను.

అంటూనే నాకు ఒళ్ళు మండింది. ఆ రోజు బంతి భోజనాల్లో ఆడపెళ్ళివారి తరఫున లేచి, నా మీసం మీద, నా నడక మీద, నేను పందిట్లో అప్పడాలు జేబులో వేసుకోవడం మీద ఏకధాటిగా పాడింది. లంకంతా పడీ పడీ నవ్వింది. నేను కోపగించుకోవడానికి లేదు. పెళ్ళిలో వియ్యాలవారి మీద పాడే తిట్టుపాటకి ఎవరూ అలగకూడదు. అది పద్ధతి. మనసులో ఉన్నదంతా ఆ ఒక్క పూటే బయటికొస్తుంది.

హైమవతి కుర్చీ నా దగ్గరికి లాక్కుంది. "ఆ పాటల్లో చెప్పినవి నిజాలేనా తాతా?"

"అప్పడాల సంగతి ఆవిడెలా చూసిందో నాకిప్పటికీ తెలియదు" అన్నాను.

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆ తర్వాత ఎవరు ముందన్నారో చెప్పలేను. నేనే అన్నానని పలకలో రాస్తున్నాను. నీటిపెట్టెకి పెళ్ళి చెయ్యాలి!

పెళ్ళికొడుకు పెట్టె. పెళ్ళికూతురు మా లంక కడవ, మేం ఇన్నాళ్ళూ నీళ్ళు దాచుకున్న మట్టి కడవ. లంకవాళ్ళంతా ఆడపెళ్ళివారు. కేంద్రంవాళ్ళం మగపెళ్ళివారం.

నేను కేంద్రం మనిషిననీ, కాబట్టి నేనూ మగపెళ్ళివాడినేననీ ఇంటికొచ్చి అన్నం తింటుంటే గుర్తొచ్చింది.

సోమవారం. ఎండ, వాన కలిసి.

పేరంటాలు మొదట నవ్వింది. తర్వాత నవ్వడం మానేసి, కొంగు దోపుకుంది.

"పెళ్ళంటే ఆటలు కాదండీ అన్నయ్యగారూ. మగపెళ్ళివారికి విడిది ఇవ్వాలండీ. ఎదురెళ్ళి పానకాలివ్వాలండీ. మరి మీ తరఫున పెద్దలెవరండీ?"

"నేనే."

"ఆయ్" అంది. అంతే. ఆ ఒక్క అక్షరానికి నా మీసం కొన వణికింది.

గురువారం. పైరగాలి.

పెళ్ళి జరిగింది. అన్నీ వరసగా చెబుతాను.

పొద్దున్నే మెరకనగరం పడవ వచ్చింది. అధికారి చిదంబరం నెలాఖరు దాకా ఆగకుండా ముందే దిగిపోయాడు. సన్నటి మనిషి, చంకలో మార్కుల పత్రాలు. రేవులో పందిరి, మేళం చూసి "ఎవరిది పెళ్ళి?" అన్నాడు.

"మీ పెట్టెదేనండీ" అన్నారు మావాళ్ళు. ఆయన ఇంకేమీ అనకముందే మెళ్ళో దండ వేసి, పానకం తాగించి, మగపెళ్ళివారి పీట మీద నా పక్కన కూర్చోబెట్టేశారు.

పెట్టెకి బాసికం కట్టారు. కడవకి పసుపు పూశారు. తాళి కూడా అయ్యాక బంతి వేశారు. విస్తట్లో ఎండుచేపల ఇగురు పడగానే పేరంటాలు లేచి నిలబడింది. వెనక ఆడవాళ్ళు. ఇక చూసుకోండి.

"మెరకనగరపు పెళ్ళికొడుకు మేడ దిగి వచ్చాడే,
నోరు లేదు చెవులు లేవు, బొడ్డు దగ్గర కుళాయే!
వాడి నీళ్ళు నోట పోస్తే వట్టి చప్పన వదినా,
పప్పుకేసి చూశామంటే పప్పు కూడా అలిగెనే!"

లంకంతా గొల్లుమంది. హైమవతి చేతిలో ముద్ద వదిలేసి పలక తీసింది.

"కుళాయేమో తిప్పాలంటే కావాలంట రెండు చేతులు,
చంటిబిడ్డ చంకనుంటే ఏ చేత్తో తిప్పాలే?
చదువులన్నీ చదివినమ్మ చంక ఖాళీ వదినా,
అందుకే ఈ అక్కర ఆమె పుస్తకంలో లేదే!"

నేను భయపడుతూ హైమవతి వైపు చూశాను. ఆ పిల్ల నవ్వలేక కడుపు పట్టుకుంటోంది. "రెండు చేతులు! నాలుగేళ్ళు! నాకు తట్టనే లేదు!" అంటూ రాస్తోంది.

పేరంటాలు గొంతు పెంచింది.

"నీళ్ళకని తెచ్చిన అల్లుడు నీళ్ళకేమో దండగే,
ముక్కు ఎగబీల్చి గాలిలోన తడి మింగేశాడే!
సావిడాయి చేపల దండ వాడి మూతికి కడితే,
వానలోనే ఎండుచేప వంటింట్లో చేశాడే!
కిందిగొట్టం విప్పి నీళ్ళు కాలవలోకి పంపామే,
చేప వాసన నీళ్ళు ఎవరు చెంబులో పోస్తారే!"

నవ్వు ఆగిపోయింది నాకొక్కడికే. విస్తట్లో ఇగురు వైపు చూశాను. గలగలలాడే ఎండుచేప. ఇంటింటా తెర. తెర వెనక బాగా పనిచేస్తున్న చప్పుడు. ఇంతలో ఆవిడ నా వైపు తిరిగింది.

"తిట్టడానికి జీతమంట మీసాల వియ్యంకుడికి,
తెర ఎత్తి చూడకుండా తీర్పు చెప్పిపోయాడే!
రంగు బాగా లేదన్నాడు, గురక బాగా లేదన్నాడు,
ఉప్పు కిటుకు నాదన్నాడు, ఊరు నవ్విపోయెనే!"

నా ముక్కు నా ముందే ఉంది, వాసన పట్టలేదు. ఏం చెయ్యను? అలగకూడదు. అప్పడం నమిలాను. జేబులో మాత్రం వేసుకోలేదు.

ఆఖరి పాట చిదంబరం మీద.

"మార్కులేసే పెద్దమనిషి నీళ్ళు కొలవొచ్చాడే,
చేప రుచికి మైమరచి కొలత మరిచిపోయాడే!
నూటికి నూరేశామంటే నిజమనుకున్నాడే,
మేమెవరికి తక్కువేశామో మెరకవారు చెప్పండే!"

చిదంబరం చెయ్యి మూడోసారి ఇగురు వైపు వెళ్తూ ఆగిపోయింది.

పాటలయ్యాక పేరంటాలు కొంగు దులుపుకుని ఎప్పటి మనిషైపోయింది. "ఏమైనా తక్కువైతే చెప్పండి బాబుగారూ, మజ్జిగ పొయ్యమంటారాండీ?"

చిదంబరం ఇంకా తేరుకోలేదు. "ఇవన్నీ మా పత్రంలో అడిగాం కదమ్మా. అప్పుడెందుకు చెప్పలేదు?"

"ఆయ్, అప్పుడు తమరు అతిథులు కదండీ. అతిథులతో అలాగంటారేంటండీ?"

"ఇప్పుడు అన్నారుగా?"

"ఇప్పుడు తమరు మగపెళ్ళివారండీ."

అందరం వంటిళ్ళకి కదిలాం. తెరలు తీశారు. నేను గడప ఇవతలే ఆగి మెడ చాచాను. ప్రతి పెట్టె మూతికీ చేపల దండలు. నేను చెప్పి వేయించిన కొత్త రంగు మీద కూడా నూనె మరకలు. ఎందుకు దాచారంటే, ఆ పిల్ల నీళ్ళ కోసం అంత కష్టపడితే మేం చేపలు కట్టుకున్నామని తెలిస్తే మనసు నొచ్చుకుంటుందన్నారు.

మళ్ళీ పందిట్లోకొచ్చి కూర్చున్నాక చిదంబరం పత్రాలు తీశాడు. "కథ బాగానే ఉంది. కానీ నీటి వాడకం సున్నా. నిబంధన ప్రకారం తాళం వెయ్యాలి."

మేళం ఆగిపోయింది. హైమవతి ముందుకొచ్చింది.

"చట్టం మొదటి వాక్యం చూడండి సార్. ప్రాంతం తన కష్టమేమిటో తనే తేల్చుకోవాలి. వీళ్ళ కష్టం దాహమని నాకు నేనే తేల్చేసుకున్నాను. దాహానికి కనీసం పడవైనా వస్తుంది. వానలో చేప ఎండకపోతే ఏ పడవా రాదు. అది వీళ్ళు తేల్చుకున్నారు, మందు కూడా కనిపెట్టుకున్నారు. పరిశోధన ఆగలేదు సార్. నాకు చెప్పకుండా జరిగింది, అంతే."

చిదంబరం తల గోక్కున్నాడు. కలం మాత్రం కింద పెట్టలేదు.

అప్పుడు లేచాను. జీతం తీసుకుంటున్నాను కదా.

"అయ్యా, ఒక ముక్క. మావాళ్ళు మీ పత్రంలో నూరేశారు. పాటలో సున్నా వేశారు. నూరుని నమ్మితే తప్పెక్కడో తెలియదు, మీకు తాళం వెయ్యడమొక్కటే తెలుస్తుంది. సున్నాని నమ్మితే రేపు ఏం చెయ్యాలో తెలుస్తుంది. ఇంత దూరం తాళాలకోసమే వచ్చారా? మీరు నాకంటే దండగ మనిషైతే వేసెయ్యండి. నేను తెర ఎత్తలేదు, వియ్యపురాలి గడప కాబట్టి. మీ ముందు తెర తీసే ఉంది, చూసి చెప్పండి."

చిదంబరం నన్ను చూశాడు, హైమవతిని చూశాడు, విస్తరిని చూశాడు.

"ఈ ఇగురు చేప ఈ వానల్లోనే ఎండిందా?"

"మొన్ననేనండీ" అంది పేరంటాలు.

ఆయన పత్రం మీద పెద్ద గీత కొట్టాడు. నీటిపెట్టె కొట్టేసి, ఎండుపెట్టె అని రాశాడు. కార్తీకం దాకా గడువు. కేంద్రం తెరిచే ఉంటుంది. పదోవంతు లంకలోనే ఉంటుంది. మార్కుల పత్రం బదులు పాటల రికార్డు జత చెయ్యాలన్నాడు.

హైమవతి వచ్చి నా భుజం మీద తల పెట్టింది. మీసం సర్దుకోవడం కూడా కుదరలేదు.

కార్తీకం, శుక్రవారం. తూర్పుగాలి.

చాలా రోజులైంది పలకతో మాట్లాడి. ఖాళీ లేదు. కొత్త పెట్టె వచ్చింది. పై అరలో చేప ఎండుతుంది, నీళ్ళు వేరే దారిన వాసన లేకుండా దిగుతాయి. కుళాయి మోచేత్తో నొక్కితే చాలు. పప్పు అలగకుండా నీళ్ళకి కాస్త రుచి కూడా తగిలించింది హైమవతి. దానికి రెండుసార్లు పెళ్ళి చెయ్యాల్సి వచ్చింది. మొదటి పెళ్ళిలో పేరంటాలు ఏమీ మిగల్చలేదు.

ఇప్పుడు వేరే ప్రాంతాల నుంచి కూడా సంబంధాలు వస్తున్నాయి. ఎగువ నుంచి ఒక నాగలి వచ్చింది, కొండల నుంచి తేనె తీసే యంత్రం వచ్చింది. ఏడుస్తూ వెళ్ళి, బాగుపడి తిరిగొస్తున్నాయి.

ఇవాళ చిదంబరం మళ్ళీ వచ్చాడు. ఈసారి చంకలో లావుపాటి కాగితాల కట్ట. ప్రాంతాల పరిశోధనకి కొత్త విధానమట, తనే రాశాడట. ఎవరికెంత ఇవ్వాలి, ఎవరేం తేల్చాలి, ఎవరు ఎవరికి జవాబు చెప్పాలి, అన్నీ ఉన్నాయట. మెరకనగరంలో అందరూ మెచ్చుకున్నారట. మా అభిప్రాయం కోసం రేవులో జనాన్ని కూర్చోబెట్టి మధ్యాహ్నం దాకా చదివాడు. చివర కళ్ళద్దాలు తీసి, ఆశగా చూశాడు.

"ఎలా ఉంది?"

పేరంటాలు లేచి చేతులు జోడించింది. "ఆయ్, చాలా బాగుందండీ."

"చాలా బాగుందండీ బాబూ" అన్నారు వెనక నుంచి అందరూ. ఎవరో గారెల పళ్ళెం కూడా తెచ్చారు.

చిదంబరం మొహం వెలిగింది. ఒక్క క్షణమే. తర్వాత ఆ వెలుగు మెల్లగా దిగిపోయింది. పళ్ళెం వైపు చూశాడు. పేరంటాలు వైపు చూశాడు. చెప్పులు విడిచి, పీట తెప్పించి, ఆ కాగితాల కట్టని జాగ్రత్తగా దాని మీద కూర్చోబెట్టి, బాసికం కోసం హైమవతి వైపు చెయ్యి చాచాడు.

మగపెళ్ళివారి తరఫున పెద్దమనిషిగా ఉండమని నన్ను పిలిచారు. ఉద్యోగానికి ఒక్క పూట సెలవు పెట్టి, ఆడపెళ్ళివారి వైపు వెళ్ళి కూర్చున్నాను.